మేనత్త పగలగొట్టిన గోడ

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండిన ఎండాకాలంలో, తాండూరులోని మా ఇంటికి బండలు పరిచారు. అప్పటిదాకా ఇల్లంతా మట్టి నేలే. అమ్మ పేడతో అలికేది. ధాన్యం వ్యాపారం చేసే మా తాతయ్యకు అది నామోషీగా ఉండేది. ఊళ్లో తవ్విన బండలు రైలెక్కి ఎక్కడెక్కడికో పోతుంటే, మనం మాత్రం మట్టి మీద కూర్చోవడమేమిటని ఒక పొద్దున మేస్త్రిని పిలిపించాడు.

నెల రోజులు ఇంట్లో అవే ముచ్చట్లు. ముందు గదికి సాన పట్టించిన నీలం బండలు. వంటింటికి పసుపు బండలు, నీళ్లు నిలవకుండా ఒక మూలకు వాలుగా. పొయ్యి పక్కన నిలబడి పని చేసుకోవడానికి రాతి దిమ్మె కావాలని అమ్మ పట్టుబట్టింది. పడకగది గూళ్లకు ఆకుపచ్చ రంగు, దేవుడి గూటికి ఎర్ర జాజు అంచు.

ఆ ముచ్చట్లలోకి రాని గది ఒకటుంది. అది మా మేనత్తది. సేడంలో ఆమె భర్త మరొకావిడను ఇంటికి తెచ్చుకుంటే, కట్టుబట్టలతో వచ్చేసింది. వంటింటి వెనక కట్టెలు, పిడకలు వేసే గది ఆమెకిచ్చారు. దానికి కిటికీ లేదు. తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా చెయ్యి కనిపించేది కాదు. ఆమె వస్తుంటే ఇంట్లోవాళ్లు మాట ఆపేసేవారు. వెళ్లాక మళ్లీ మొదలుపెట్టేవారు.

"గా ఎనుక గదికి బండలెందుకు? రేపో మాపో మొగని తానికి పోయేదే గద," అని తాతయ్య మేస్త్రితో అన్నప్పుడు నేను గుమ్మం పక్కనే ఉన్నాను. అమ్మ నవ్వింది. నాకూ ఆ పూట మేనత్త మీద కోపంగా ఉంది. తడి సున్నం తొక్కానని ఆమె నా చెయ్యి పట్టి లాగింది. తిన్నగా పెరట్లోకి పోయాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"అత్తా, నీ గదికి బండల్లేవంట. రేపో మాపో నువ్వు పోతవంట. గిది నీ ఇల్లే కాదంట."

చివరి మాట ఎవరూ అనలేదు. అది నేను కలిపిందే.

"ఎవరన్నరు?" అంది.

"అందరు."

ఆమె చేట కింద పెట్టింది. పనివాళ్లు ఒక వారగా కూర్చుని సద్ది తింటున్నారు. గోడకు ఆనించి ఉన్న వాళ్ల గడ్డపార తీసుకుని తన గదిలోకి పోయింది. ఒక దెబ్బ వినపడింది. తర్వాత ఇంకొకటి. మేము పరుగెత్తేసరికి సందు వైపు మట్టిగోడలో తలపట్టేంత బొక్క పడింది. సందులోని పక్కింటావిడ అందులోంచి లోపలికి తొంగి చూస్తోంది.

"పిచ్చి లేసిందానే నీకు? గోడ గూలుతది!" తాతయ్య అరిచాడు.

"గూలనీ. గీడ పండేది నేనే గద. నా మీదనే పడ్తది."

ఆయన గడ్డపార రెండో కొస పట్టుకుని లాగాడు. ఆమె వదలలేదు. కన్నతండ్రీ బిడ్డా ఒకరినొకరు మింగేసేలా చూసుకుంటూ ఆ ఇనుప ముక్క కోసం పెనుగులాడారు. ఆమె అరచేయి చీరుకుపోయి నెత్తురు కారింది.

"బండలు నేనడగలే నాయినా. ఎల్తురు గూడ నీ దుకాణంల తూచి ఇస్తవా?"

అప్పటికే సందులో జనం చేరారు. తాతయ్య చెయ్యి వదిలేసి, "ఇప్పుడే మూసెయ్!" అని మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు. మేస్త్రి వచ్చి చూసి, ముందు పైగోడ జారకుండా ఒక బండ అడ్డం పెట్టాడు. సున్నం కలిపి తెచ్చేలోపు మేనత్త ఆ బొక్కను ఇంకాస్త వెడల్పు చేసి, అందులో ఎక్కి కూర్చుంది.

"ఈమె దిగితే మూస్త సేటు. మనిషిని వెట్టి గోడ కట్టలేను గద," అన్నాడు మేస్త్రి.

"ఎన్ని దినాలు కూసుంటదో చూస్త," అన్నాడు తాతయ్య.

ఆమె మూడు రోజులు కూర్చుంది. ఎవరూ అన్నం తినమనలేదు. మూడో రోజు సాయంత్రం మిగతా పని ముగించి మేస్త్రి తన సామాను బండికెత్తించుకుని వెళ్లిపోయాడు. కిటికీ మిగిలింది.

ఆ తర్వాత ఆమె పనివాళ్లు పారేసిన బండ ముక్కలు ఏరి, తన నేల తానే పరుచుకోవడం మొదలుపెట్టింది. నీలమూ పసుపూ ఎలా దొరికితే అలా. ఎత్తుపల్లాలుగా ఉండి కాళ్లకు గుచ్చుకునేవి. ఒకరోజు ఒడి నిండా ముక్కలు తీసుకుపోయి ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వు తేకు," అంది తలెత్తకుండా.

"నేనొక్కదాన్నేనా అత్తా? అందరు అన్నరు."

అప్పుడు తలెత్తింది. "వాళ్లు వాళ్లల్ల వాళ్లు అనుకున్నరు. నా మొకం మీద అన్నది నువ్వు."

ఆ ముక్కలు గుమ్మంలోనే వదిలేసి వచ్చాను. తెల్లారి చూస్తే వాటిని తిరిగి పెరట్లో పోసి ఉంది. ఒక్కటీ వాడుకోలేదు.

తాతయ్య పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆయన్ను పలకరించనూ లేదు. నా విషయంలో మాత్రం, వానలు పడ్డాక ఎప్పుడో, నేను బడి నుంచి వస్తూ సందులో ఆగితే, కిటికీలో కూర్చున్న ఆమె కాస్త పక్కకు జరిగింది. ఎక్కి కూర్చున్నాను. చాలాసేపు వాన చూశాం. క్షమించిందో, చోటుంది కనుక జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఈ వయసులో కూడా ఎవరి గురించైనా "అందరూ అంటున్నారు" అనే మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు ఆమె తలెత్తి చూసిన చూపు గుర్తుకొస్తుంది. ఆ మాట మింగేస్తాను. అన్నిసార్లూ కాదు. మింగలేకపోయిన రోజున, అది అందరి మాట అని సర్దిచెప్పుకోవడం మాత్రం నా వల్ల కాదు.