నలభై దాటని రేసుకారు

రెండు పళ్లు, ఒక కళ్లజోడు, కారు వెనక అద్దం, డిక్కీ మీద రెక్కలా ఉండే స్పాయిలర్. ఆ ఆదివారం పోయినవి ఇవి. పళ్లు నావి.

దేశ రాజధాని పక్కన వైశాలిలో మా పక్కింటాయన రేసుకారు చారల చిన్న కారు కొని, రోజూ ఆఫీసుకు నడిపే స్తోమత తనకుందో లేదో మైలేజీ లెక్కేసి చెప్పమన్నాడు. ట్యాంకు నింపి, అశోకా రోడ్‌లో భోజనానికి బయలుదేరాం.

వెనక జీపు హారన్ ఆపడం లేదు.

"పక్కకు తియ్యనా అండీ?" స్టీరింగు పట్టుకున్న ఆయన అడిగాడు.

"వద్దండీ, నలభైలోనే పోనివ్వండి. గేరు మారిస్తే లెక్క చెడుతుంది."

జీపు అడ్డంగా వచ్చి ఆగింది.

"రేస్ కార్ లేకే మజాక్ కర్తా హై?" రేసుకారు పెట్టుకుని మాతో వేళాకోళమా అంటూ జీపులోవాళ్లు దిగారు.

హాకీ కర్ర మొదట వెనక అద్దాన్ని, తర్వాత నా మూతిని పగలగొట్టింది. స్పాయిలర్ పెరికి, దాంతోనే ఆయన్ని నెత్తురొచ్చేదాకా బాదారు.

ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. కారును రిపేరు షెడ్డులోంచే అమ్మేశాడు. ఇప్పటికీ బస్‌స్టాపులో కనిపిస్తే అడుగుతాడు, "ఇంతకీ లీటరుకెంత ఇచ్చేదండీ?"

ఆ అంకె ఆయనకు నేనింకా బాకీ.