గడప కింది పైసా

బోధన్‌లో మా ఇంటి ముందు గడపను చెదలు తినేశాయి. పోయిన ఎండాకాలం వడ్రంగి దాన్ని పెకిలిస్తే కింద మట్టిలో ఒక పైసా దొరికింది. గడప నిలబెట్టేటప్పుడు నవధాన్యాలతో పాటు ఒక పైసా వేయడం మా ఆనవాయితీ. ధాన్యాలు ఎప్పుడో మట్టయ్యాయి. పైసా మాత్రం పచ్చటి చిలుము కప్పుకుని ముసుగు తన్ని పడుకుంది.

పాత నాణేలు పోగుచేసే పిచ్చి నాకుంది. పిచ్చి అనే అనాలి, ఎందుకంటే నా ఆల్బంలో నాణేల కంటే ఖాళీ గళ్లే ఎక్కువ. అందుకని సంతోషించాను. ఆ సంతోషం పక్కింటి అన్న వచ్చేదాకా నిలిచింది.

వాళ్ల తాత, మా తాత సొంత అన్నదమ్ములు. రెండిళ్ల మధ్య మూడు మూరల సందు ఉంది. దానికి గోడ పెట్టి స్నానాల గది కట్టుకుంటానని అన్న ఏడాదిగా అంటున్నాడు. ముందు ఇల్లు కట్టినవాడే తన జాగాలోంచి సందు వదిలాడని ఇద్దరం ఒప్పుకున్నాం. ముందు కట్టిందెవరో మాత్రం ఒప్పుకోలేదు. కాగితాలు లేవు. సందు ఉన్నచోటే సందేహం ఉంటుంది.

నిజానికి ఆ సందుతో నాకు పనిలేదు. వెనక గదిలో ఉండే మా మేనత్తకు బజారుకు పోవడానికి అదొక్కటే దారి. బీడీలు చుట్టి, ఆ చాట పట్టుకుని అందులోంచే కార్ఖానాకు పోతుంది. గోడ లేస్తే ఆమె మా నట్టింట్లోంచి రావాలి, పోవాలి. ఎనభై ఏళ్లు దగ్గరపడ్డా తన వాకిలి తనకుండాలని ఆమె పంతం. గోడ మాట వచ్చినప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు.

అన్న పైసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“తమ్మీ, మా ఇల్లు నిజాం గద్దె దిగిన పోలీస్ యాక్షన్ ఏడు లేసింది. గది ఊరందరికీ ఎరుకే. నీ పైస నిజాందైతే మీ తాతనే ముందు కట్టిండని ఒప్పుకుంట. గుర్రం బొమ్మదైతే సందు నాది. కడుగు, సూద్దాం.”

నిజాం రాగి పైసా మీద ఉర్దూ రాత ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన సర్కారు పైసా మీద గుర్రం ఉంటుంది. నిజాం పైసలు తర్వాత కూడా కొన్నాళ్లు జనం చేతుల్లో తిరిగాయని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

“నేనే కడుగుత, చింతపండు తెస్త” అన్నాను.

“నువ్వా? నీ ఆల్బంలకెళ్లి ఇంకోటి తీసి పెట్టవని ఏం గ్యారంటీ?”

“అయితే నువ్వే కడుగు.”

అన్నాక నాకే భయమేసింది. అన్న ఇటుకపొడితో రుద్దాడంటే ఉర్దూ కాదు, ఏ భాషా మిగలదు. చివరికి ఆదివారం గోడ కట్టే మేస్త్రీ ముందర కడగాలనీ, అందాకా పైసా అత్త బీడీలకు వాడే తంబాకు డబ్బాలో ఉండాలనీ అనుకున్నాం. మా ఇద్దరి మధ్య చెలిమి పోయి చిలుము మిగిలింది.

మర్నాడు నిజామాబాద్ పోయి, నాణేలు అమ్మే దుకాణదారుణ్ణి అడిగాను.

“చింతపండు పెట్టకు సార్. చిలుము గీకితే తోలు ఒలిచినట్టే. బొమ్మ పోతది, ధర పోతది. కొబ్బరినూనెల నానబెట్టాలె, పుల్లతోటి మెల్లగ తియ్యాలె” అన్నాడు. ఆ వెంటనే “ఓసారి నాకు తెచ్చి సూపియ్యుండ్రి” అన్నాడు. దాంతో అతని మీద కూడా అనుమానం వచ్చింది.

శుక్రవారం అత్త కార్ఖానాకు పోయినప్పుడు డబ్బా తెరిచాను. ఒక అంచుకు కొబ్బరినూనె రాసి చీపురుపుల్లతో గీకాను. నిలువుగా ఒక గీత తేలింది. అలిఫ్! ఉర్దూలో మొదటి అక్షరం! ఇంకొంచెం గీకితే అలిఫ్‌కు గిట్ట మొలిచింది. పక్కనే ఇంకో కాలు.

గీకినచోట మట్టి పూసి డబ్బాలో పెట్టేశాను. ఆ క్షణం నుంచి ప్రాచీన నాణేల సంరక్షకుణ్ణయ్యాను.

ఆదివారం అన్న చింతపండు నానబెట్టుకుని మేస్త్రీతో వచ్చాడు. నేను చిలుము గొప్పతనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను.

“మొన్న నువ్వే చింతపండు తెస్తనంటివి. గిప్పుడు పాపమాయెనా? లోపట ఏందో సూసినవ్ రా నువ్వు.”

“నేనా?”

“సూసిండు” అంది అత్త, చేతిలోని బీడీ మీంచి తల ఎత్తకుండానే. “నా తంబాకంత కొబ్బరినూనె వాసన. ఏమున్నదో సెప్పు బిడ్డా, నా పని ఆగుతున్నది.”

చెబితే ఆమె వాకిలి పోతుందని ఆమెకు తెలుసు. అయినా అడుగుతోంది. ఇక అబద్ధం నోటిదాకా వచ్చి తిరిగి పోయింది.

“గుర్రం” అన్నాను.

అత్త చేతిలో దారం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ చుట్టుకుంది.

అన్న ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కళ్లు చిన్నవి చేసి నన్ను చూశాడు.

“గుర్రమా? నువ్వే సెప్తున్నవా?”

“ఔ అన్నా.”

“ఎందుకు?”

“ఉన్నది గనుక.”

“ఉన్నదున్నట్టు సెప్పెటోనివా నువ్వు?”



“గోడకు గీత కొట్టాల్నా?” అన్నాడు మేస్త్రీ.

“ఆగు” అంటూ అన్న సందులోకి పోయి, నేల చూసి, ఆకాశం చూసి వచ్చాడు. “గీడికెళ్లి మురికినీళ్ల మోరీ తవ్వుతరా? మున్సిపాలిటోళ్లు నీకేమన్న సెప్పిండ్రా? సందు ఎవలదైతే వాళ్లకు నోటీసు వస్తదా?”

లేదని ఒట్టేశాను. నేను ఒట్టేసిన కొద్దీ అతని ముఖంలో అనుమానం ముదిరింది. పైసా కడుగుదామా అని నేనే అడిగాను.

“కడుగకు! ముందు నీ మతలబేందో తెలువనీ” అని మేస్త్రీని తీసుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు పోయాక అత్త నవ్వింది.

“గిన్నేండ్ల నీ అబద్ధాలు గియ్యాల పనికొచ్చినై రా.”

అది జరిగి వానాకాలం కూడా దాటింది. గోడ లేవలేదు. అన్న మున్సిపాలిటీలో రెండుసార్లు అడిగి వచ్చాడట. అక్కడ ఏమీ లేదన్నారట, దాంతో అనుమానం ఇంకా పెరిగిందట. పొద్దున అత్త చాట పట్టుకుని సందులోంచి వస్తుంటే అన్న పక్కకు జరిగి దారి ఇస్తాడు. ఇచ్చి, ఆమెకు తోడుగా వెనకాల వస్తున్న నన్ను పైనుంచి కిందిదాకా చూస్తాడు.