వదిన పెట్టిన వంతులు

మా వదినకి ఎవరినీ ఎక్కువసేపు నిలబెట్టడం ఇష్టం ఉండదు. అరగంట తలస్నానానికి టవల్ భుజాన వేసుకుని బయల్దేరిన నన్ను స్నానాలగది గుమ్మంలో ఆపేసి, మొహం కడుక్కునేవాళ్ళని ముందు పంపిస్తుంది. "ఒక్క నిమిషంలో పోయేవాళ్ళు, పోనీవే" అంటుంది. నేను సణుగుతాను. ఆవిడ నవ్వుతుంది.

వదిన మా కాలేజీ కంప్యూటర్ ల్యాబుకి ఇన్‌ఛార్జి. నేను అక్కడే స్టాటిస్టిక్స్ చెబుతాను. ల్యాబు చివర అద్దాల గదిలో ఒక పెద్ద కంప్యూటరు, హాల్లో నలభై తెరలు, నలభై కీబోర్డులు. అన్నిటికీ పని చేసిపెట్టేది ఆ ఒక్కటే. అందరి పనీ ఒకేసారి అవుతున్నట్టు కనిపిస్తుంది గానీ, అది రెప్పపాటు ఒకరి పని చేసి ఇంకొకరి దగ్గరికి పోతుంటుంది. ఎవరి తరవాత ఎవరు, ఎంతసేపు అని నిర్ణయించే ప్రోగ్రాముని షెడ్యూలర్ అంటారు. మా ల్యాబులో దాన్ని వదినే రాసింది.

మొదట్లో అందరికీ సమానంగా వంతులు పెట్టింది. వినడానికి ధర్మంగానే ఉంది. కానీ పెద్ద పెద్ద లెక్కలు నాలుగు పడితే చాలు, పిల్లలు నొక్కిన అక్షరం తెర మీదికి పుట్టింటికి వెళ్ళిన కోడల్లా తీరిగ్గా వచ్చేది. వదిన మనసు కరిగి రూలు మార్చింది. కాస్త పని చేయించుకుని, మళ్ళీ మనిషి వేలు కదిలేదాకా నిద్రపోయే ప్రోగ్రాములకి ముందు చోటు. ఆపకుండా లెక్కలు నమిలేవాటికి వెనక చోటు. పిల్లలు ఎగిరి గంతేశారు.

నా పని మాత్రం గంగలో కలిసింది. మూడేళ్ళు బస్టాపుల్లో నిలబడి, జనం ఎంతసేపు ఎదురుచూస్తున్నారో రాసుకున్న వివరాలు నావి. వాటి ఫలితాలు సోమవారానికి ఇవ్వకపోతే నా పరిశోధన ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. రెండు రోజుల లెక్క, తొమ్మిది రోజులైనా పదోవంతు కాలేదు. బస్సుల కోసం ఎదురుచూసిన జనమే నాకన్నా నయం.

"వదినా, మనవాళ్ళ పని కాస్త ముందుకి తొయ్యవా?" అని బతిమాలాను.

"మనవాళ్ళు కానివాళ్ళెవరే? నలభై మందీ మనవాళ్ళే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో నా ప్రోగ్రాముకి దొంగ కునుకు నేర్పాను. కాసేపు లెక్క చెయ్యడం, పట్టుబడేలోపు క్షణం కళ్ళు మూసుకోవడం. షెడ్యూలర్ దాన్ని చూసి, పాపం ఎవరి వేలి కోసమో కాచుకుని ఉంది అనుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు మొదటి సంవత్సరం పిల్లలకి ల్యాబులో ప్రాక్టికల్ పరీక్ష, కాపలా నాదే. నలభై తెరలూ బిగుసుకుపోయాయి. ఒకమ్మాయి కీ నొక్కి, మళ్ళీ నొక్కి, కళ్ళనీళ్ళతో నా వైపు తిరిగింది. దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. ఇంక ఉండబట్టలేక అద్దాల గదిలోకి పరిగెత్తాను.

"వదినా, అది నేనే. ఆపెయ్."

ఆపేసింది. పిల్లలకి అరగంట ఎక్కువ ఇప్పించింది. నేను చివాట్లకి సిద్ధపడి నిలుచుంటే, కునుకు సంగతి విని ఆవిడ కళ్ళజోడు తీసి పడీ పడీ నవ్వింది. "నా రూలులో ఇంత బొక్క ఉందని ఇన్నాళ్ళూ తెలీలేదే! తాడిని తన్నేవాడి తలదన్నేదానివి నువ్వు!"

ఆ సాయంత్రమే కూర్చుని రూలు మళ్ళీ రాసింది. ఎవరు టైపు చేస్తున్నారు, ఎవరు లెక్క చేస్తున్నారు అని ఊహించడం మానేసింది. ఇంతవరకు మిషన్‌ని అందరికన్నా తక్కువసేపు వాడుకున్నవాళ్ళు ఎవరో చూడటం, వాళ్ళకి వంతు ఇవ్వడం, అంతే.

"అక్షరం కొట్టేవాళ్ళు చిటికెడే వాడతారు, కాబట్టి ఎప్పుడూ ముందే ఉంటారు. వాళ్ళు ఆలోచించుకునేంతసేపూ మిషన్ అంతా నీదే" అంది.

"మరి నేను మళ్ళీ కునుకు తీస్తే?"

"కొంచెం ముందుకి వస్తావు. నిద్రపోయిన గంటలన్నీ పోగేసి ఒక్కసారే ఇమ్మంటే మాత్రం ఇవ్వను."

శనివారం మధ్యాహ్నం, హాలు నిండా పిల్లలు టకటకా కొడుతుండగా నా లెక్క పూర్తయింది. ఏ తెరా ఆగలేదు. పక్కన అంత పెద్ద పని నడిచిందని వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. కాగితాలు పట్టుకుని వదిన దగ్గరికి పరిగెత్తాను.

"నిజం చెప్పు, చాటుగా నన్ను ముందుకి తోశావు కదూ?"

వదిన తెర నా వైపు తిప్పింది. ఎవరికైనా ప్రత్యేకంగా ముందు చోటు ఇస్తే పేరు పక్కన గుర్తు పడుతుంది. నా పేరు పక్కన ఏమీ లేదు.

"నీ వంతే నీకొచ్చిందే" అంది.

మూడేళ్ళ నా కష్టం ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోకుండా గట్టెక్కింది. సిగ్గేసింది, అంతకు పదింతలు సంతోషమూ వేసింది. హాల్లో అందరి ముందూ వదినని వాటేసుకున్నాను.

"వదలవే, పిల్లలు చూస్తున్నారు" అంది గానీ, తనూ వదల్లేదు.