అవతలి వీధి హారతి

మొన్నటి ఎన్నికలప్పుడు కడప దగ్గర మా ఊళ్ళో నేనూ మా పార్టీ ప్రచారానికి పోయాను. మేము మాట్లాడుకున్న డప్పుల జట్టు ముందు రోజు దాకా అవతలి పార్టీకి కొట్టినదే. ఆ అలవాటు కొద్దీ మా ఊరేగింపును నేరుగా అవతలి పార్టీవాళ్ళ వీధిలోకి తీసుకుపోయింది.

డప్పు వినబడగానే తమ అభ్యర్థే వచ్చాడనుకుని ఆడవాళ్ళు హారతి పళ్ళేలతో గడప దాటారు. కర్పూరం వెలుగుతోంది. ఎదురుగా చూస్తే మా అభ్యర్థి! డప్పులవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

ముందున్న పెద్దామె మాత్రం ఫక్కున నవ్వింది.

“వెలిగించిన హారతి యాడన్నా ఆర్పుతారా? నిలబడప్పా. ఓటు మాత్రం నీకు గాదు.”

ఆయన బుద్ధిగా నిలబడి బొట్టు పెట్టించుకున్నాడు. వీధి వీధంతా నవ్వింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

మేము మలుపు తిరుగుతుంటే ఆమె రొప్పుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“పాపా, మావోడు వస్తాండాడంట. కర్పూరమంతా మీవోనికే అయిపోయె. మీ కాడ ఉండాదా?”

దారిలో గుళ్ళ దగ్గర వెలిగించడానికి తెచ్చుకున్న కర్పూరం పొట్లాన్ని మా అభ్యర్థి బొమ్మ ఉన్న సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

“హారతికే ఇస్తాండా పెద్దమ్మా, ఓటుకు గాదు.”