భీముడికి పెట్టిన గోగ్రాసం

ఆ శనివారం ఉదయం భీముడు గడ్డి దగ్గరికి రాలేదు. కంచె మూలన వెనుక కాళ్లు చాపి, వెన్ను వంచి, తోక ఆడిస్తూ నిలబడి ఉన్నాడు. చాలాసేపు ముక్కాడు. నేల మీద తడి లేదు.

భీముడు, నకులుడు మా పెంపుడు మేకలు, అన్నదమ్ములు. ఇంజనీరుగా ఉద్యోగ విరమణ చేశాక నేను, నా భార్య జానకి ఫ్రిస్కో ఊరికి ఉత్తరాన కొంత ఖాళీ స్థలమున్న ఇంటికి మారి, వాటిని మేకపిల్లలుగా తెచ్చుకున్నాం. అప్పటికే వాటికి విత్తులు తీసేశారు. మేతకు, నీటికి, శాల శుభ్రానికి నేను వేళలు నిర్ణయించి, తప్పకుండా పాటించేవాణ్ని.

“మలబద్ధకం అయ్యుంటుంది. వాము నీళ్లు పట్టిద్దామా?” అంది జానకి.

“వాడు ఉచ్చ పోసినట్టే లేదు. శాలలో వేసిన గడ్డి పొడిగా ఉంది.”

“మీ టైంటేబుల్లో దానిక్కూడా ఒక గంట కేటాయించారా?”

అంతలో భీముడు పళ్లు నూరాడు. అది నొప్పికి చేసే శబ్దమని తెలిసి నేను ఫోన్ అందుకున్నాను.

దగ్గరలోని క్లినిక్‌లో కుక్కలను, పిల్లులను మాత్రమే చూస్తారు. “వీ డోంట్ సీ గోట్స్, సర్” అన్న అమ్మాయి మరో నంబరు ఇచ్చింది. అక్కడా అదే జవాబు. ఆ తరువాతి చోట శనివారమని ఫోనే ఎత్తలేదు. మేకలను చూసే ఆసుపత్రి దొరికేసరికి మధ్యాహ్నమైంది. అదీ చాలా దూరం. వ్యాన్‌లో వెనుక సీట్లు మడిచి దుప్పటి పరిచాం. దారి పొడవునా జానకి వాడి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డాక్టర్ మేగన్ అల్ట్రాసౌండ్ చేసి స్క్రీన్ మా వైపు తిప్పారు. “హీ ఈజ్ బ్లాక్డ్. యురెత్రాలో, అంటే మూత్రం బయటికొచ్చే గొట్టంలో, స్టోన్స్ అడ్డుపడ్డాయి. బ్లాడర్ ఏ క్షణమైనా పగలవచ్చు.” తరువాత అడిగారు: “ఈజ్ హీ పెట్ ఆర్ ఫుడ్?”

మాంసానికి పెంచే జంతువుకు కొన్ని మందులు చట్టప్రకారం ఇవ్వకూడదట. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. జానకి ముఖం పాలిపోయింది. “వాడు మా భీముడమ్మా,” అంది తెలుగులోనే. “పెట్,” అన్నాను నేను.

“ఏం తింటాడు?”

“ఎండుగడ్డి. మంచినీళ్లు. రెండు పూటలా.”

జానకి నా మోచేయి పట్టుకుంది. “అదొక్కటే కాదుగా అండీ. గోగ్రాసం సంగతి కూడా చెప్పండి.”

భోజనానికి ముందు ఆవు కోసం ఒక ముద్ద తీసిపెట్టడం మా ఇంటి ఆచారం. మా చుట్టుపక్కల ఆవు లేదు గనుక ఆ ముద్ద మేకలకు చేరేది. నకులుడు బెదురుగొడ్డు, దూరంగా నిలిచేవాడు. భీముడు తోసుకొచ్చి తినేవాడు. ఈ సంగతి తెలిసిన తెలుగు కుటుంబాలు శనివారాల్లో పిల్లలతో వచ్చి అన్నం, బెల్లం, నానిన శనగలు, తవుడు ఉండలు పెట్టి వెళ్లేవి. అందరికీ అది పుణ్యకార్యంగానే తోచింది.

డాక్టర్ అంతా విన్నారు. “గింజల్లో, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ. దానితోనే ఈ స్టోన్స్ తయారవుతాయి. చిన్నప్పుడే విత్తులు తీసిన మేకకు యురెత్రా సన్నగా ఉండిపోతుంది. ఎవరూ మీకు చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు.

సర్జరీ చేసి బ్లాడర్‌లోని రాళ్లు తీశారు. మూత్రం బయటికి పోవడానికి పొట్టలోంచి ట్యూబ్ అమర్చారు. “వాపు తగ్గితే దారి తెరుచుకోవచ్చు. ఐ కాంట్ ప్రామిస్,” అన్నారు. ఇంటి దగ్గర, మళ్లీ రాళ్లు కట్టకుండా ఇచ్చిన అమోనియం క్లోరైడ్‌ను సిరంజితో నోట్లో పోస్తే వాడు నా చొక్కా మీదే ఉమ్మేవాడు. మూత్రం ఒరిసి ఎర్రబడిన చర్మాన్ని జానకి తుడిచి మందు రాసేది. కొన్ని వారాలకు ట్యూబ్‌ను క్లాంప్‌తో నొక్కి మూసి చూశారు. సహజమార్గాన సన్నని ధార పడింది. ట్యూబ్ తీసేశారు.

ఆ వారమే, శనివారాల్లో పిల్లలతో వచ్చే శిరీష డబ్బాతో వచ్చింది. “అంకుల్, భీముడికి తగ్గిందటగా. ఉత్త అన్నమే తెచ్చాను, కొంచెమే.”

“కొంచెం కూడా వద్దు.”

“మీరే గోగ్రాసం కాదంటే ఎలా అంకుల్? పిల్లలు పొద్దున్నుంచి కార్ ఎక్కుదాం అని ఒకటే గోల.”

“శిరీషా, ముందు ఆ డబ్బా కార్‌లో పెట్టిరా.”

ఆమె డబ్బాతో కారెక్కి, మళ్లీ దిగకుండానే వెళ్లిపోయింది. ముద్దలు ఆగాయి గాని, రాళ్లు ఆగలేదు. చలి మొదలయ్యాక భీముడు మళ్లీ పళ్లు నూరాడు. ఈసారి ఆలస్యం చేయలేదు. అయినా ఆసుపత్రికి చేరేసరికి పొట్ట ఉబ్బిపోయింది.

“బ్లాడర్ పగిలిపోయింది. ఇంకో సర్జరీ తట్టుకోలేడు. ఐ యామ్ సో సారీ,” అన్నారు డాక్టర్.

“నొప్పి లేకుండా పంపమనండి,” అంది జానకి. ఇంజెక్షన్ ఇస్తున్నంతసేపూ వాడి చెవి నిమురుతూనే ఉంది.

తిరుగుదారిలో అడిగింది: “నేను పెట్టింది అన్నమే కదండీ?”

“అన్నమే,” అన్నాను.

ఇప్పుడు కంచెకు తాళం ఉంది. ఉదయం నకులుడు మూత్రం పోసేదాకా వాడి వెనుక నిలబడి, ఆ తరువాతే కాఫీ తాగుతాను. టైంటేబుల్ అంటూ జానకి ఇప్పుడు ఎగతాళి చేయదు, నేను లోపలికి రాగానే “పోశాడా?” అని మాత్రం అడుగుతుంది. పిల్లలు వస్తే తలా గుప్పెడు ఎండుగడ్డి ఇచ్చి, “ఇదే గోగ్రాసం నాన్నా,” అంటుంది.

మేకను పెంచదలచినవారికి ఒక్క మాట. దాన్ని ఇంటికి తేకముందే, మేకలను చూసే డాక్టర్ మీకు దగ్గరలో ఎవరున్నారో వెతకండి. ఒక శనివారం ఉదయం స్వయంగా ఫోన్ చేయండి. ఎవరూ ఎత్తకపోతే మేకను తేకండి.