చర్చి చింతచెట్ల మీది మగ గబ్బిలాలు

నా పరిశోధన దేని మీద అని ఎవరైనా అడిగితే "గబ్బిలాల మీద" అని ఊరుకునేదాన్ని. మగ గబ్బిలాల వృషణాలు ఏ కాలంలో పెరుగుతాయి, ఏ కాలంలో తగ్గుతాయి అన్నది నేను తేల్చాల్సిన విషయం. అది పదిమందిలో చెప్పాలంటే నోరు వచ్చేది కాదు.

మైదుకూరు దగ్గర ఒక పల్లె చర్చి ఆవరణలో రెండు చింతచెట్ల నిండా పెద్ద గబ్బిలాలు వేలాడుతుంటాయని తెలిసి, నెలకు నాలుగు రోజులు కడప నుంచి బస్సులో వెళ్లేదాన్ని. వాటిని పట్టుకోకూడదు. ఎండకు రెక్కలు తెరిచి విసురుకుంటున్నప్పుడు బైనాక్యులర్‌తో చూసి రాసుకోవాలి.

చర్చి వాకిలి ఊడ్చి, గంట కొట్టే తాత ఒకాయన ఉండేవాడు. నేను మెడ పైకెత్తి నిలబడితే వచ్చి పక్కన నిలబడేవాడు.

"ఏం సూస్తాండావు పాపా?"

"అవి ఏం తింటాయో చూస్తున్నా తాతా."

"తినేది రాత్రి గదా. పగలంతా నిద్దరపోతాంటే ఈడ నీకేం కనపడతాది?"

పుస్తకంలో ఏదో గీస్తున్నట్టు నటించాను.

వానలు మొదలయ్యాక మగవాటిలో మార్పు తెలిసింది. ఎండాకాలంలో చింతగింజంత కనిపించినవి రేగుపండంత అయ్యాయి. కొమ్మల మీద కొట్లాటలు, అరుపులు ఎక్కువయ్యాయి. ఒకరోజు తాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"నువ్ సూసేది మగవాటి బీజాలే గదా?"

నా చెవులు వేడెక్కాయి.

"సిగ్గెందుకు పాపా? నేను పొట్టేళ్లు మేపినోన్ని. ఆడగొర్రెల్ని దాటేకి ఏది తయారైందో కింద సూసే సెప్తా. ఇంకోటి ఇను. ఈ కాలంలో వీటి కంపు శానా ఎక్కువ. సలికాలం పోతే తగ్గుతాది. యేటా సూస్తాండా."

ఆ సంగతి నేను గమనించనేలేదు. ఆ రోజు నుంచి పుస్తకంలో వాసనకు ఒక గడి గీశాను. నేను లేని రోజుల సంగతి తాతే గుర్తుపెట్టుకుని చెప్పేవాడు.

వానలు తగ్గుముఖం పడుతుండగా ఆయన మనవరాలికి పెళ్లి కుదిరింది. చర్చి చూడ్డానికొచ్చిన మగపెళ్లివాళ్లు ముక్కులు మూసుకున్నారు. టపాకాయలు కాల్చి గబ్బిలాలను తరిమేద్దామని పెద్దలు అనుకున్నారు. ఆ ఆదివారం మగపెళ్లివాళ్లూ ప్రార్థనకొచ్చారు. అది అయ్యాక తాత నన్ను ముందుకు పిలిచాడు.

"ఈ పాప సదువుకునింది. సెప్తాది, ఇనండి."

లేచి ముందుకెళ్లాను. చెప్పాను. ఇది మగవాటికి జతకట్టే కాలమని, ఆ వాసన వాటి ఒంటి నుంచే వస్తుందని, చలికాలం దాటితే బీజాలు చిన్నవై వాసనా తగ్గిపోతుందని. అంతమంది ఆడవాళ్ల ముందు ఆ మాట అనేశాను. ఎవరూ నవ్వలేదు.

వెనక వరసలో ఒకామె లేచి, "అంతవరకు పెండ్లి ఆపితే సరిపోతాదా?" అంది.

అప్పుడు నవ్వింది పెళ్లికొడుకు తండ్రి. "ఏమప్పా, అవి సల్లబడేదాకా మావాడు ఓపిక పట్టాల్నంట!" అన్నాడు. చర్చి అంతా గొల్లున నవ్వింది. టపాకాయల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెళ్లి చలికాలం దాటాకే అనుకున్నారు.

నా మాట తప్పితే ఎలాగన్న దిగులు మాత్రం నాకు మిగిలింది. వెళ్లిన ప్రతిసారీ బస్సు దిగగానే వాసన చూసుకునేదాన్ని. చలి ముదిరే కొద్దీ మగవి నెమ్మదించాయి. బీజాలు తగ్గడం నా బైనాక్యులర్‌కు కనిపించింది, వాసన తగ్గడం తాత ముక్కుకు తెలిసింది.

పెళ్లి రోజు చెట్ల కింద నిలబడితే తప్ప వాసన తెలియలేదు. పైన తల్లుల పొట్టలకు పిల్లలు కరుచుకుని ఉన్నాయి. పెళ్లికొచ్చిన ఆడవాళ్లు తలలెత్తి చూసి, ఏ తల్లికి పిల్ల ఉందో, దేనికి లేదో నన్నడిగారు. భోజనాల దగ్గర తాత నా చెయ్యి పట్టుకుని చుట్టాలందరికీ చూపించాడు.

"మా పెండ్లికి రోజు పెట్టింది ఈ పాపే."

వడ్డించేవాళ్లు నా విస్తరిలో ఇంకో గంటెడు పాయసం పోశారు. వద్దనలేదు.