ట్యాంకు కాడ మీసాల మామ

గల్ఫులో ఓడల రిపేరు యార్డులో పెయింటరుగా చేరిన రోజు, నా గదిలో ఇంకో తెలుగువాడు ఉన్నాడని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఆయనది పులివెందుల పక్కన లింగాల, నాది ప్రొద్దుటూరు. నేను ఇళ్లకు రంగులు వేసేవాణ్ణి, ఆయన లారీలకు. వయసులో పెద్ద కాబట్టి మామా అన్నాను. మామ మీసం బుగ్గల మీదుగా చెవుల దాకా పోయేది. రోజూ కొబ్బరినూనె రాసి దువ్వుకునేవాడు.

మా ఊర్లలో పెయింటు పనంటే ముక్కుకు తువ్వాలు కట్టుకోవడమే. తల తిరిగితే బయటికొచ్చి టీ తాగడమే. యార్డులో అట్లా కుదరదు. ఓడ అడుగున ఇనుప గదుల్లాంటి ట్యాంకులుంటాయి. మనిషి పట్టేంత కంతలోంచి దిగి లోపల స్ప్రే కొట్టాలి. పెయింటు ఆవిరి నిండితే స్పృహ తప్పుతుంది. నిప్పురవ్వ తగిలితే ట్యాంకే పేలుతుంది. అందుకే ఆవిరిని బయటికి లాగే బ్లోయర్, ముఖానికి బిగుతుగా అతికే మాస్కు లేనిదే లోపలికి పంపరు.

మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి తల మీద సంచిలాంటిది కప్పి, అందులోకి చేదు మందు తుంపర కొట్టారు. చేదు తెలియకూడదు. ముందురోజే గడ్డం తీసేసుకున్నాను కాబట్టి నేను పాసయ్యాను. తర్వాత మామ.

"ఎట్లుంది మామా?" అన్నాను.

"శానా చేదప్పా! మందు బాగా పంజేస్తాండాది," అన్నాడు సంబరంగా.

సేఫ్టీ ఆఫీసరు కేరళాయన. పడీ పడీ నవ్వి, మీసం కింద సందులోంచి గాలి దూరుతోందని, అది తీస్తేనే పని అని హిందీలో చెప్పాడు. నేను తెలుగులో చెప్పేసరికి మామ రెండు చేతులతో మీసం మూసుకున్నాడు.

"మీసం ల్యాకుండా ఫోన్లో కనపడితే, ఎవురప్పా నువ్వు అంటాది నా పెండ్లాం!"

ఇక మామను ఇంటికి పంపేస్తారని ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. పొద్దున్నే ఆఫీసరు వచ్చి, మామను గట్టిగా అరవమన్నాడు. మామ "ఓ..." అన్నాడు. పైన క్రేను తోలేవాడు తొంగి చూశాడు. ఆఫీసరు మామకు శిక్షణ ఇప్పించి, ట్యాంకు కంత దగ్గర కాపలా అప్పజెప్పాడు. ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో, బ్లోయర్ తిరుగుతోందో లేదో చూడాలి. ఇంకొకరు వచ్చి కూర్చునేదాకా లేవకూడదు.

ఒక మధ్యాహ్నం నేను, ఒక ఫిలిప్పీన్స్ అతను, ఇద్దరు బీహారీలు లోపలున్నాం. స్ప్రే మోతలో ఏమీ వినపడదు. ఉన్నట్టుండి విజిలు, దాన్ని మించి మామ గొంతు.

"బయటికి రాండప్పా! రాండి, రాండి!"

మాట అర్థమైంది నాకొక్కడికే. గొంతు అర్థమైంది అందరికీ. స్ప్రే గన్నులు వదిలేసి నిచ్చెన ఎక్కేశాం. మామ ఒక్కొక్కరి తల తడిమి చూశాడు.

"బ్లోయర్ నిల్చిపాయ. అందురూ వచ్చినారు గదా? నా గుండె ఇంగా కొట్టుకుంటానే ఉండాది."

బ్లోయర్ మోటారు కాలిపోయింది. మాకు మాత్రం ఈగ వాలినంత దెబ్బ కూడా లేదు. ఫిలిప్పీన్స్ అతను మామను అమాంతం ఎత్తుకుని తిప్పాడు. "దించప్పా, పడిపోతా!" అని మామ కేకలు. కొత్త మోటారు బిగించి, లోపలి గాలిని మీటరుతో చూసేదాకా ఎవర్నీ దిగనివ్వలేదు ఆఫీసరు. ఆ పూటంతా నీడలో చల్లటి మజ్జిగ తాగుతూ నవ్వుకున్నాం. మరుసటి రోజు నుంచి అన్నం వేళకు ఏ దేశంవాడైనా సరే, పక్కవాణ్ణి "రాండప్పా" అనే పిలిచేవాడు.

పని ముగిశాక, రిపేరు కోసం ఓడను నిలబెట్టిన పొడి డాకులోకి నీళ్లు వదిలారు. అంత పెద్ద ఓడ మెల్లగా పైకి లేచింది.

"ఇంత ఇనుము ఎట్ల తేల్తాండాదో చూడప్పా!" అన్నాడు మామ, నా భుజం పట్టుకుని ఊపేస్తూ. "దాని కడుపులో రంగు మీరు ఏసిందే గదా!"

ఓడ సముద్రంలోకి మళ్లేదాకా ఇద్దరం గట్టున నిలబడి చేతులు ఊపుతూనే ఉన్నాం.